మీ తరఫున మేం పోట్లాడతాం

జూన్ 3, సోమవారం

ఇవాళ మొదటిసారి నాన్న కుర్చీలో కూర్చున్నాను. కుర్చీ ఎత్తు, నా కాళ్ళు నేలకి ఆనవు. బల్ల కింద ఒక పాత సూట్‌కేసు అడ్డంగా పెట్టుకుని దాని మీద పాదాలు ఆనించాను. సూట్‌కేసుల కంపెనీ నడిపేవాళ్ళకి ఆ మాత్రం సుఖం ఉండాలి.

నాన్నకి మోకాలి ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళు మెట్లు ఎక్కకూడదు, కోపం తెచ్చుకోకూడదు అన్నాడు డాక్టరు. మెట్ల సంగతి నాన్న చూసుకుంటాడు. కోపం రాకుండా చూసే పూచీ నాది. అంటే కంపెనీలో ఏం జరుగుతోందో ఆయనకి చెప్పకూడదు.

ఇంకా కంప్యూటరు తెరవలేదు, కింద అరుపులు మొదలయ్యాయి. ఫిర్యాదుల కౌంటరు. ఫిర్యాదుల కౌంటరంటే అత్తయ్య. నాన్నకి అక్క, కంపెనీలో సగానికి హక్కుదారు, నేను స్కూల్లో ఉన్నప్పటి నుంచీ ఆ కౌంటరుకి మహారాణి. పనివాళ్ళు చాటుగా "సైరన్" అంటారు. చాటుగా అంటే, ఆవిడ ఊపిరి తీసుకునే సందులో.

మెట్ల మీద నిలబడి చూశాను. టై కట్టుకున్న ఒకాయన మన నీలం పెట్టెతో వచ్చాడు. ఒక చక్రం పెట్టెకుంది, రెండోది ఆయన చేతిలో ఉంది.

"చక్రం ఊడిపోయిందండీ," అన్నాడు.

"ఊడిపోయిందా, ఊడగొట్టారా?"

"నేనెందుకు ఊడగొడతానండీ?"

"అది మీరే చెప్పాలి. ఎక్కడ లాగారు?"

"రోడ్డు మీద."

"రోడ్డు మీద లాగుతారటండీ? కాస్త నున్నగా ఉన్న చోటు చూసి లాగాలి."

"ఏమండీ, మంచం మీద లాగమంటారా?"

"నాతోనే వెటకారమా!"

కాసేపటికి ఆయన క్షమాపణ చెప్పుకుని, పెట్టె కౌంటరు దగ్గరే వదిలేసి వెళ్ళిపోయాడు. కంగారులో చక్రం మాత్రం పట్టుకుపోయాడు, పాపం.

జూన్ 5, బుధవారం

షోరూముల పెద్దాయన వచ్చాడు. మన పెట్టెల్లో సగం ఆయన షోరూముల్లోనే అమ్ముడవుతాయి కాబట్టి, ఆయన కుర్చీ లాక్కునే చప్పుడుకే నాకు గుండె దడ.

"మీ చక్రాలతో నాకు పేచీ లేదమ్మా. ఊడిపోయే చక్రాలు అందరి దగ్గరా ఉన్నాయి. ఊడిన చక్రం పట్టుకొచ్చినవాణ్ణి చివాట్లు పెట్టే మనిషి మాత్రం మీ ఒక్కరి దగ్గరే ఉంది. మీ కౌంటరుకి వచ్చి వెళ్ళినవాళ్ళు తిన్నగా మా షోరూముకొచ్చి ఏడుస్తున్నారు."

ఈ నెలాఖరులోగా ఆవిడని మార్చకపోతే, సెలవుల సీజన్ ఆర్డరు వేరే కంపెనీకి ఇస్తాడట. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

జూన్ 6, గురువారం

"అత్తయ్యని కౌంటరు నుంచి మారిస్తే ఎలా ఉంటుంది నాన్నా?" అని, వాన పడుతుందా అని అడిగినంత మామూలుగా అడిగాను.

నాన్న చదువుతున్న పేపరు దించలేదు. "చిన్నప్పుడు మా అక్క రంగు పెన్సిలు ఒకటి విరగ్గొట్టాను. ఇప్పటికీ అడుగుతోంది."

"అంటే వద్దంటావా?"

"నేను మంచంలో ఉన్న మనిషిని తల్లీ. నువ్వేం చేసినా నాకు తెలియకుండా చెయ్యి. అప్పుడు అక్క అడిగితే 'నాకు తెలియదే' అని ప్రమాణం చేసి చెప్పగలను."

జూన్ 7

ఇది తీసెయ్యడం కాదు. ప్రతిభకి తగిన చోటు వెతకడం. అద్దం ముందు నిలబడి చాలాసార్లు చెప్పుకున్నాను. చివరికొచ్చేసరికి బాగా పలికింది.

జూన్ 10, సోమవారం

అత్తయ్యని ప్యాకింగ్ విభాగానికి ప్రత్యేక పర్యవేక్షకురాలిగా వేశాను. మధ్యాహ్నానికల్లా ప్యాకింగు ఆగిపోయింది. మనుషులు కనపడరు. వెతగ్గా వెతగ్గా, పెద్ద సైజు అట్టపెట్టెల వెనక నక్కి కూర్చున్నారు ఆరుగురూ.

"ఆవిడ వెళ్ళారాండీ?" అని ఒక పెట్టె అడిగింది నన్ను.

సాయంత్రానికి అత్తయ్య మళ్ళీ కౌంటరులోనే ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

జూన్ 12, బుధవారం

దొరికింది! దొరికింది!

ఇంట్లో జరిగింది ఇది. పై వాటా ఆవిడ బకెట్టు నిండా తడిబట్టలతో దిగి వచ్చింది. కొత్త వాషింగ్ మెషీన్ పాడైందట. కంపెనీకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా "మీ నంబరు నమోదైంది" అంటున్నారట. ఆవిడ ఏడుపు మొహం చూసి అత్తయ్య ఫోను లాక్కుంది. అవతలివాళ్ళ మాటలు నాకు వినపడలేదు, ఆ అవసరం కూడా లేకపోయింది.

"నీ పేరేమిటి నాయనా?... మంచి పేరు. ఎవరు పెట్టారు?... అమ్మమ్మా? పాపం, ఆవిడ చేత్తోనే ఉతికేదా బట్టలు?... నడుం నొప్పి ఉండేదా లేదా?... ఉండేది కదా. మరి ఇక్కడ ఒక మనిషికి ఇవాళ నడుం పడిపోయింది నాయనా, నీ కంపెనీ మూలంగా... నీ చేతుల్లో లేదా? సరే, ఎవరి చేతుల్లో ఉందో ఆయన్ని పిలు... ఆయనకి పైన ఎవరు?... ఆయన పైన?... ఆ పైన ఇంకెవరన్నా ఉన్నారా, ఇంక దేవుడేనా?"

మధ్యాహ్నం భోజనాలు అవకముందే ఇద్దరు మెకానిక్కులు వచ్చారు. మెషీన్ తిరిగింది. పై వాటా ఆవిడ అత్తయ్య చేతులు పట్టుకుని వదల్లేదు. "మా చెల్లెలికి ఒక టీవీ గొడవ ఉంది, మీకు ఏమిచ్చుకోమన్నా ఇస్తుంది, కాస్త మాట్లాడతారా?" అంది.

ఏమిచ్చుకోమన్నా ఇస్తుంది!

అదే నోరు. కౌంటరుకి ఇవతల ఉంటే మనకి నష్టం, అవతల ఉంటే లాభం. మనిషిని మార్చక్కర్లేదు, కుర్చీ తిప్పితే చాలు. నేనేదో మామూలు మనిషిననుకుంటున్నాను ఇన్నాళ్ళూ.

జూన్ 13, గురువారం

అత్తయ్యకి చెప్పాను. గేటు పక్కన పాత శాంపిళ్ళ గది ఖాళీ చేయించి అందులో ఆవిడకో సొంత వ్యాపారం. కంపెనీల చుట్టూ తిరిగి విసిగిపోయినవాళ్ళు వస్తారు, వాళ్ళ తరఫున ఆవిడ పోట్లాడుతుంది. గెలిస్తేనే ఫీజు.

అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "అంటే నన్ను బయటికి పంపుతున్నావన్నమాట."

"లేదత్తయ్యా! నీ ప్రతిభని బయటికి పంపుతున్నాను. దాని వెనకాల నువ్వు వెళ్ళక తప్పదు కదా."

"ఊ." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని నా మొహం పరీక్షగా చూసింది. "మరి మేస్త్రిని ఎవరు చూసుకుంటారు?"

మేస్త్రి అంటే వెనక రిపేరు షెడ్డులో ఉండే పెద్దాయన.

"ఆయన్ని చూసుకోడానికి ఏముంది?"

"ఏమీ లేదులే." తర్వాత వేలు చూపించి, "నాదో షరతు. నా బల్ల ముందుకి వచ్చి ఎవరు కూర్చుంటే వాళ్ళు నా వాళ్ళు. కానీ తప్పు వాళ్ళదైతే ముందు వాళ్ళకే పెడతాను గడ్డి. అబద్ధానికి నా నోరు అద్దెకివ్వను," అంది.

ఒప్పుకున్నాను. ఆ క్షణంలో ఏమడిగినా ఒప్పుకునేదాన్ని.

జూన్ 17, సోమవారం

బోర్డు మీద "వినియోగదారుల సంప్రదింపుల సహాయ కేంద్రం" అని రాయించబోయాను. అత్తయ్య చదివి, "ఇది చదివేలోపు మనిషికి ఉన్న కోపం కాస్తా పోతుంది. పోట్లాట అంటే పోట్లాట అని రాయించు," అంది. కాబట్టి "మీ తరఫున మేం పోట్లాడతాం." బోర్డు రాసేవాడు అన్ని అక్షరాలకి చోటు చాలదన్నాడు. అత్తయ్య అతనితో మాట్లాడింది. అదే ధరకి అంతకి రెట్టింపు బోర్డు వచ్చింది.

జూన్ 18

ఎవరూ రాలేదు.

జూన్ 19, బుధవారం

ఒకాయన వచ్చాడు, కానీ అడ్రసు అడగడానికి. పరుపుల షోరూము ఎటు అన్నాడు. అత్తయ్య ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఏం పని మీద వెళుతున్నారని అడిగింది. వయొలిన్ మాస్టారట. కొన్న నెలకే పరుపు మధ్యలో గుంట పడిందట. మీరు బరువెక్కువ ఉన్నారని షోరూమువాళ్ళు తిప్పి పంపుతున్నారట. ఆ మాస్టారు గట్టిగా గాలేస్తే గుమ్మంలోంచి ఎగిరిపోయేలా ఉన్నాడు.

"లేవండి," అంది అత్తయ్య. "ఆ పరుపు చూపించండి."

జూన్ 20, గురువారం

చూసినవాళ్ళు చెప్పింది రాస్తున్నాను, అబద్ధమైతే పాపం వాళ్ళది.

అత్తయ్య ఆ పరుపుని బండిలో వేయించుకుని షోరూముకి తీసుకెళ్ళింది. అద్దాల కిటికీలో అందంగా అలంకరించిన మంచం మీద కొత్త పరుపు తీయించి, మాస్టారి పరుపు వేయించి, దాని మీద పడుకుంది. గుంటలోకి దిగిపోయి, బయటికి పాదాలూ ముక్కూ మాత్రమే కనిపించాయట. రోడ్డు మీద జనం మూగారు. మేనేజరు పరుగెత్తుకొచ్చి "లేవండమ్మా, లేవండి" అంటే, "లేవాలనే ఉంది నాయనా, రావడం లేదు. నువ్వు చెయ్యివ్వు. నీకూ వస్తుందేమో చూద్దాం, పక్కన పడుకో," అందట.

మాస్టారికి కొత్త పరుపు ఇచ్చారు. ఇంటి దాకా చేర్చారు కూడా. సాయంత్రం ఆయన గదికి వచ్చి ఫీజు ఇచ్చి, ఒక పాట వాయించి వెళ్ళాడు. అత్తయ్య పాట మధ్యలో నిద్రపోయింది.

జూన్ 28, శుక్రవారం

గది ముందు బెంచీ చాలక రెండోది వేయించాం. అత్తయ్య వచ్చినవాళ్ళలో సగం మందిని వాళ్ళకే చివాట్లు పెట్టి పంపేస్తోంది. ఒకావిడ మాడిపోయిన ఇస్త్రీ పెట్టె తెస్తే, "దీన్ని ఆపకుండా ఎక్కడికి వెళ్ళావ్? నిజం చెప్పు," అంది. ఆవిడ పక్కింటికి కబుర్లకి వెళ్ళిందని ఒప్పుకుంది. వింతేమిటంటే, ఆవిడ కోపంగా కాదు, తేలికపడి వెళ్ళింది. మర్నాడు వాళ్ళ ఆడపడుచుని తీసుకొచ్చింది.

మన కౌంటరులో కొత్త ఆఫీసరు చేరాడు. మర్యాదలో శిక్షణ పొందినవాడు. ఎవరేం చెప్పినా కళ్ళు సగం మూసి, "మీ బాధ మాకు పూర్తిగా అర్థమైందండీ," అంటాడు. పనివాళ్ళు అప్పుడే "పాకం గారు" అని పేరు పెట్టేశారు.

జూలై 5, శుక్రవారం

పాకం గారు వచ్చాక ఫిర్యాదులు సగానికి పడిపోయాయి! షోరూముల పెద్దాయన ఈసారి టీ తాగాడు. సీజన్ ఆర్డరు మనదే.

అయ్యా, ఒక సమస్యతో రెండు లాభాలు. ఇంట్లో ఉన్న బెడదని వ్యాపారం చెయ్యడం ఎంతమందికి చేతనవుతుంది?

జూలై 10

వర్తకుల సంఘంవాళ్ళు మాట్లాడమని పిలిచారు. "సమస్యని సంస్థగా మార్చడం ఎలా?" విషయం వాళ్ళే ఇచ్చారు. నన్ను చూసే ఇచ్చారు.

జూలై 13, శనివారం

మీటింగు బాగా జరిగింది. చప్పట్లు బాగా పడ్డాయి. ఒకాయన కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వాడు. హాలు చాలా పెద్దది, వెనక వరసలు సరిగ్గా కనపడవు. ఎవరో లేచి వెళ్ళినట్టు అనిపించింది. హాలన్నాక ఎవరో ఒకరు లేస్తారు.

జూలై 14, ఆదివారం

అత్తయ్య ఇంట్లో తన పడగ్గదిలోంచి రాలేదు. తలనొప్పి అంది.

నాన్న కాఫీ తాగుతూ అన్నాడు: "నిన్న మీ అత్తయ్య మంచి బట్టలు కట్టుకుని నీ మీటింగుకి వచ్చిందే. కనపడలేదా? ముందు కూర్చో అక్కా అంటే, నన్ను చూస్తే పిల్ల తడబడుతుంది, వెనకే కూర్చుంటానంది."

నేను హాల్లో ఏమన్నానో నాన్నకి తెలియదు. ఇక్కడ రాస్తాను, రాసి కొట్టేస్తాను. "మా కంపెనీలో అతి పెద్ద లోపం చక్రం కాదు, మా అత్తయ్య. చక్రం ఊడితే బిగించొచ్చు. అత్తయ్యని ఏం చేస్తాం? అందుకే అమ్మకానికి పెట్టాను."

ఆ ఒకాయన కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వింది అప్పుడే.

కొట్టేయలేదు. ఉండనీ.

జూలై 15, సోమవారం

గేటు దగ్గర ఎదురుపడింది. "తలనొప్పి తగ్గిందా అత్తయ్యా?" అన్నాను.

"తగ్గిందండీ. మీరు ఎలా ఉన్నారు?" అంది.

పుట్టినప్పటి నుంచీ "ఒసేయ్" అనే తప్ప పిలవని మనిషి.

జూలై 17, బుధవారం

నాకు మనసులో ఏమీ లేదు. ఎవరి పని వాళ్ళు చూసుకోవాలి. ఆ మాట తమాషాకి అన్నదే కదా, ఆవిడ రోజూ అందరినీ అనేవాటితో పోలిస్తే ఎంత?

షెడ్డు వైపు వెళ్ళాను. మేస్త్రి స్టూలు మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు. చుట్టూ ఒక్క పెట్టె లేదు.

"ఏం మేస్త్రీ, హాయిగా ఉన్నట్టున్నావ్?"

"ఏం హాయమ్మా. సైరన్... అదే, పెద్దమ్మగారు ఉన్నప్పుడు వచ్చినవాణ్ణి అక్కడ తిట్టి పంపేవారు. తర్వాత ఆ పెట్టె పట్టుకుని ఇక్కడికొచ్చి నన్ను తిట్టేవారు. సాయంత్రానికి బాగుచేసి వాళ్ళింటికి పంపించేదాకా వదిలేవారు కాదు. ఇప్పుడెవరూ తిట్టడం లేదు. పెట్టెలూ రావడం లేదు."

"ఫిర్యాదులు తగ్గాయి మేస్త్రీ, అందుకని."

"చక్రాలు ఊడడం తగ్గలేదు కదమ్మా, మరి ఫిర్యాదులెలా తగ్గాయి?" అని అమాయకంగా అడిగాడు.

ఆ టై కట్టుకున్నాయన పెట్టె కూడా అలాగే ఇంటికి వెళ్ళిందట. ఆయన దగ్గర ఉన్న చక్రం అక్కర్లేకుండానే.

పాకం గారిని పిలిచి అడిగాను, చక్రం ఊడిందని వచ్చినవాళ్ళని ఏం చేస్తున్నావని. బాధ అర్థం చేసుకుంటున్నానన్నాడు. తర్వాత? తర్వాత వాళ్ళు వెళ్ళిపోతారన్నాడు. ఎక్కడికి? అది ఆయనకి తెలియదు.

జూలై 18, గురువారం

ఎక్కడికో ఇవాళ తెలిసింది.

ఉదయం కింద చప్పుడు లేదు. అదే నన్ను భయపెట్టింది. దిగి చూస్తే కౌంటరు ముందు వరస. నీలం, బూడిద, మెరూన్, అన్నీ మన పెట్టెలే, అన్నీ కుంటివే. వరసలో ముందు అత్తయ్య. సగం కంపెనీ ఆవిడది, అందరిలాగే టోకెను తీసుకుని నిలబడింది. ఏకు మేకై కూర్చోవడమంటే ఏమిటో కళ్ళారా చూశాను.

"మీ బాధ మాకు పూర్తిగా అర్థమైందండీ," అంటున్నాడు పాకం గారు.

"ఏమర్థమైంది?"

"మీ బాధ."

"ఏమిటది?"

"అదేనండీ... చక్రం."

"ఎందుకు ఊడింది?"

"మీ ఓపికకి ధన్యవాదాలండీ."

"నేను ఓపిక పట్టానని నీకెవరు చెప్పారు?"

పాకం గారు కళ్ళు పూర్తిగా తెరిచి నా వంక చూశాడు. ఆయన కళ్ళు అంత పెద్దవని అప్పుడే తెలిసింది. నేను ముందుకెళ్ళాను.

"అత్తయ్యా, పైకి రా. కూర్చుని మాట్లాడుకుందాం."

"మేనేజరు గారూ, మా వాళ్ళు నిలబడి ఉన్నారు. ఇక్కడే మాట్లాడదాం."

గొంతు తగ్గించాను. "ఇది నీ సొంత కంపెనీ అత్తయ్యా!"

"అవునండీ. అందుకే సిగ్గుగా ఉంది."

సంచీలోంచి ఊడిన చక్రాలు తీసి ఒక్కొక్కటే కౌంటరు మీద పెట్టింది. అన్నీ ఒకే చోట విరిగాయి, లోపలి ఇరుసు దగ్గర. "ఇది ఇదివరకు స్టీలు ఉండేది. ఇప్పుడు ప్లాస్టిక్కు. ధర తగ్గించమన్నది షోరూముల పెద్దాయన. ఇరుసు మార్చింది కంపెనీ. తిట్లు పంచింది నేను. కంపెనీ పరువు కాపాడుతున్నాననుకుని ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళ నోరు మూయించాను. ఆ కష్టానికి మీరిచ్చిన మెప్పు మొన్న హాల్లో విన్నాను."

నేను ఆ చక్రాల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"ఈ ప్లాస్టిక్ ఇరుసు పెట్టి అమ్మిన ప్రతి పెట్టెకీ స్టీలుది వెయ్యాలి. అడిగినవాళ్ళకే కాదు, అందరికీ."

"అలా చేస్తే కంపెనీ తట్టుకోలేదు."

"అయితే రేపు మళ్ళీ వస్తాం. టోకెన్లు ఎక్కువ పెట్టించండి."

"నువ్వు మా మనిషివి కదా అత్తయ్యా!" అని అరిచాను, అందరి ముందూ.

ఆవిడ చక్రాలు మళ్ళీ సంచీలో వేసుకుంటోంది. "అమ్మేసిన సరుకు అమ్మినవాళ్ళ మాట వినాలని రూలేమీ లేదు కదండీ," అంది.

జూలై 19, శుక్రవారం

టోకెన్లు చాలలేదు.

నాన్నకి ఎవరో చెప్పేశారు. కర్ర పట్టుకుని కారు దిగి, వరస పక్కనుంచి మెల్లిగా నడుచుకుంటూ వచ్చాడు. కౌంటరుకి ఈ పక్క ఆయన, ఆ పక్క ఆవిడ. నేను మధ్యలో, తలుపు సందులో పడ్డ వేలులా.

"ఈ మాట ఇంట్లో అడిగితే సరిపోయేది కదా అక్కా," అన్నాడు.

"ఇంట్లో అయితే నువ్వు పడుకుని వింటావురా. ఇక్కడైతే నిలబడి వింటావు."

నాన్న ఒక చక్రం తీసుకుని విరిగిన చోట వేలు పెట్టి చూశాడు. "స్టీలు వేస్తే ఆ ధరకి షోరూములాయన ఒప్పుకోడు."

"ఆ పెట్టెలు ఆయన లాగడు. వీళ్ళు లాగుతారు."

వెనక ఎవరి పెట్టో ఒకటి చక్రం లేని వైపుకి ఒరిగి దభీమని పడింది. నాన్న ఉలిక్కిపడి, తర్వాత నవ్వాడు. అత్తయ్య నవ్వలేదు. నాన్న నా వైపు తిరిగాడు. "నేను కోపం తెచ్చుకోకూడదు కదా తల్లీ. నా బదులు నువ్వు తెచ్చుకో. షోరూముకి ఫోన్ చేసి, ధర పెరుగుతుందని చెప్పు."

ఫోనులో షోరూముల పెద్దాయన నవ్వాడు, తర్వాత బెదిరించాడు, తర్వాత ఆడపిల్లలకి వ్యాపారమేమిటని ఏదో అన్నాడు. అక్కడి నుంచి నేనేం మాట్లాడానో నాకు సరిగ్గా గుర్తు లేదు. పెట్టేసరికి ఆఫీసు మొత్తం పని ఆపి చూస్తోంది. గుమ్మం దగ్గర మేస్త్రి ఎవరితోనో, "చిన్న సైరన్ కూడా ఉందిరోయ్," అంటున్నాడు.

ఆర్డరు సగానికి తగ్గించాడు. మొత్తం తీసేస్తాడనుకున్నాను.

జూలై 23, మంగళవారం

షెడ్డులో మేస్త్రికి తోడు ఆరుగురు ప్యాకింగువాళ్ళు. ఇరుసులు మారుస్తున్నారు. నాన్న కూడా కుర్చీ వేయించుకుని స్క్రూలు తిప్పుతున్నాడు, డాక్టరు దీన్ని గురించి ఏమీ అనలేదు కదా అని.

మధ్యాహ్నం మేస్త్రి వచ్చాడు. "అమ్మా, వరసలో మనవి కాని పెట్టెలు కూడా వస్తున్నాయి. వేరే కంపెనీలవి. డబ్బిస్తాం, బాగుచెయ్యండి అంటున్నారు. పొమ్మననా?"

"పొమ్మనకు మేస్త్రీ. ఎవరి పెట్టె అయినా తీసుకో."

"అదే అనుకుని ఇందాకటి నుంచీ తీసుకుంటున్నానమ్మా. మీకు చెబుదామని వచ్చాను."

ఇది కూడా నా ఆలోచనేనని రాసుకోబోయాను. పెన్ను ఆపి, ఇలా రాస్తున్నాను: ఇది మేస్త్రి ఆలోచన.

జూలై 24

అత్తయ్య ఇంకా "మీరు" అంటోంది. భోజనాల దగ్గర నీళ్ళ గ్లాసు ఇవ్వమన్నా, "దయచేసి" అంటోంది. ఆ దయచేసి ముందు పాత తిట్లు ఎంత హాయి.

జూలై 25, గురువారం

గేటు పక్క గదికి వెళ్ళాను. రెండు బెంచీల మీదా జనం. చివర్న కూర్చున్నాను. గొళ్ళెం పడని అలమారా ఆయన, రంగు వెలిసిన పరదాల ఆవిడ, పాడైన హార్న్ స్కూటరాయన, అందరూ అయ్యాక నా వంతు వచ్చింది. అత్తయ్య నన్ను అప్పటిదాకా చూడనట్టే ఉంది.

"చెప్పండి. ఏ కంపెనీ?"

"కంపెనీ కాదు. మా అత్తయ్య. నాతో సరిగ్గా మాట్లాడటం లేదు."

"ఇంటి తగువులు మేం తీసుకోం. కంపెనీల మీద ఫిర్యాదులైతేనే."

"ఆవిడ ఒక్క మనిషే, కానీ ఏ కంపెనీకీ తీసిపోదండీ."

పెదవి ఒక మూల కదిలింది. వెంటనే సర్దుకుంది. "ఏం జరిగింది?"

"పదిమందిలో ఒక మాట అన్నాను."

"తమాషాకా?"

"తమాషాకే అనుకున్నాను."

"తప్పు ఎవరిది? ముందది చెప్పండి. తప్పు బల్లకి మీ వైపు ఉంటే నేను కేసు తీసుకోను."

చెప్పాను. ఏం చెప్పానో ఇక్కడ రాయను. కాసేపు పట్టింది. మధ్యలో పరదాల ఆవిడ మర్చిపోయిన సంచీ కోసం లోపలికి వచ్చి, నా మొహం చూసి, చప్పుడు చెయ్యకుండా తీసుకుని వెళ్ళిపోయింది.

అత్తయ్య కళ్ళజోడు తీసింది, తుడిచింది, పెట్టుకుంది. మళ్ళీ తీసింది. "ఇది ఓడిపోయే కేసు," అంది. "నేను తీసుకోను."

"సరే," అని లేచాను.

"ఎక్కడికే లేస్తున్నావ్, ఒసేయ్! పొద్దున్నించీ ఏమన్నా తిన్నావా లేదా? మొహం చూడు, వాడిపోయిన కాయలా. ఆ పాకాన్ని నా దగ్గరికి పంపించు, వాడికి గొంతుంది, వాడుకోవడం రాదు, రేపటి నుంచి నేను నేర్పిస్తాను. మీ నాన్న ఆ స్క్రూలు ఎడాపెడా తిప్పేస్తున్నాడట, వాణ్ణి లేపు అక్కణ్ణుంచి. నువ్వు అలా నిలబడి ఏడిస్తే వచ్చినవాళ్ళు నేనేదో కొట్టాననుకుంటారు. పద, ముందు భోజనం చెయ్యి. తర్వాత నీ సంగతి చెబుతాను."

తర్వాత నిజంగానే చెప్పింది. సాయంత్రం దాకా చెప్పింది. తలుపు వేసుకోమంటే వేసుకోలేదు. గేటు బయట రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు కూడా ఆగి విన్నారు. నేను ఒక్క మాటకి కూడా అడ్డు రాలేదు.